రెండు రిజిస్టర్లు: నైజాము నపుంసకుల చట్టము, తెలంగాణ సంఘము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు నూరేండ్లు దాటిన ఒక చట్టమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ చట్టము పేరు తెలంగాణ నపుంసకుల చట్టము, 1329 ఫసలీ. పత్రికలకు అది ఒక దినపు వార్త. సంఘ కాపరులమైన మనము మాత్రము దానిని ఒక దినపు వార్తగా చదివి విడిచిపెట్టరాదని మా అభిప్రాయము.

మేము పరిచర్య చేయుచున్న దంతాలపల్లి నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విడిపోకముందు అది వరంగల్లు జిల్లాలోనిది. 1948కి ముందు ఈ ప్రాంతమంతా నైజాము ఏలుబడిలో ఉండెను. ఏలినవారు మారారు, రాష్ట్రము పేరు రెండు మూడు సార్లు మారింది, జిల్లా సరిహద్దులు మారాయి. ఈ చట్టము మాత్రము 1919 నుండి 2023 వరకు శాసన గ్రంథములలో అట్లే నిలిచియున్నది.

ఈ చట్టము కొందరు మనుష్యుల పేర్లను పోలీసు రిజిస్టరులో వ్రాయమన్నది. అదే కాలములో మన సంఘములు కూడ ఒక రిజిస్టరు వ్రాస్తూ వచ్చాయి. అది బాప్తిస్మపు రిజిస్టరు. ఈ రెండు రిజిస్టర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మొదటిది కొట్టివేయబడినది. ఆ రిజిస్టరు ఎవరిని వెదకి వ్రాయమన్నదో, వారికి రెండవ రిజిస్టరులో చోటు ఉన్నదా అన్నది మన ముందున్న ప్రశ్న.

1. కొన్ని మాటలను గూర్చి

వేదాంత విద్యార్థులు ముందుగా మాటలను సరిచూచుకొనవలెను. మన తెలుగు బైబిలులో వాడబడిన మాట నపుంసకుడు. హెబ్రీ భాషలో దీనికి మూలమైన 'సారీస్' అను మాట శరీర స్థితిని తెలుపవచ్చును, రాజాస్థానపు అధికారిని తెలుపవచ్చును, సందర్భమునుబట్టి గ్రహించవలెను. నైజాము చట్టము ఉద్దేశించినది ముఖ్యముగా హిజ్రా సమాజమును. హిజ్రాలు గురువు, చేలా అను వరుసలతో, తమవైన ఇండ్లతో, కట్టుబాట్లతో జీవించు ఒక సమాజము. ట్రాన్స్‌జెండర్ అను మాట ఇంకా విశాలమైనది. పుట్టినప్పుడు వ్రాసిన లింగమునకు, తన్ను తాను ఎరిగిన విధమునకు పొత్తు కుదరని వారందరికి అది వర్తిస్తుంది. స్త్రీ పురుష శరీర లక్షణములు రెండును కలిసి పుట్టిన పిల్లలు వేరొక గుంపు. జోగిని వ్యవస్థ వీటన్నిటికంటె వేరైనది. అది ఆడపిల్లలను దేవతకు ముడుపు కట్టు దురాచారము. దానిని నిషేధించుచు 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చింది. వీటన్నిటిని ఒక్క గాటను కట్టి ప్రసంగించుట వలన సంఘములో చాలా గందరగోళము పుట్టినది.

ఇక ఊళ్లలో వినబడే మాట మనకు తెలియనిది కాదు. ఇద్దరు మగవాళ్లు తగవుపడితే ఒకనినొకడు తిట్టుటకు ఆ మాటను వాడతారు. ఒక మనిషి ఉనికియే ఇంకొకనికి తిట్టు అయినప్పుడు, ఆ మనిషి సంఘములో ఎక్కడ కూర్చుంటాడు? చరిత్రలోనికి వెళ్లకముందు ఈ ప్రశ్నను మనసున ఉంచుకొందము.

2. చట్టమునకు ముందు ఈ నేల

ఇట్టి వారు మన ప్రాంతమునకు క్రొత్తవారు కారు. పేడి అనునది పాత తెలుగు మాట. పదమూడవ శతాబ్దములో తిక్కన తెనిగించిన విరాటపర్వములో అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో రాజకుమార్తెకు ఆటపాటలు నేర్పిన కథ తెలుగువారందరు ఎరిగినదే. యుద్ధమునకు వెళ్లవలసి వచ్చినప్పుడు ఆ బృహన్నలయే ఉత్తరుని రథము తోలినది.

మన పొరుగున ఉన్న ఓరుగల్లు చరిత్రలో ఇంకొక ఉదాహరణ ఉన్నది. 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుని చేత కప్పము ఒప్పించినవాడు మాలిక్ కాఫూర్. అతడు నపుంసకుడు. గుజరాతులో చెరపట్టబడి, ఢిల్లీ సుల్తానైన అలాఉద్దీన్ ఖిల్జీ కొలువులో సేనాధిపతి స్థాయికి ఎదిగినవాడు. అతని దండయాత్ర తెలుగు నేలకు నష్టమే తెచ్చినది గనుక అతనిని పొగడవలసిన పని లేదు. అయితే ఆ కాలపు రాజ్యములు నపుంసకులకు అధికారమిచ్చి, సేనలను అప్పగించెనని మనకు తెలియుచున్నది. సుల్తానుల, మొగలుల అంతఃపురములలో ఖ్వాజాసరాలు అను పేరుతో వీరు కావలివారుగా, ఖజానా చూచువారుగా పనిచేశారు.

సామాన్య జనులలో సంగతి వేరు. కొమురవెల్లి మల్లన్న, ఐనవోలు మల్లన్న జాతరలలో శివసత్తులు పూనకముతో ఆడుట మన ప్రాంతమువారు చూచినదే. వారిలో చీర కట్టిన మగ పుట్టుకవారు కూడ ఉంటారు. ఆ జాతర దినములలో జనులు వారి నోటి మాట కొరకు ఎదురుచూస్తారు, వారి చేతి పసుపు బొట్టు పెట్టించుకొంటారు. జాతర ముగిసిన తరువాత అదే మనిషికి అదే ఊరిలో అద్దె ఇల్లు దొరకుట కష్టము. పూజకు దగ్గర, పొత్తుకు దూరము అను ఈ స్థితి చట్టమునకు ముందునుండి ఉన్నదే. కాబట్టి పూర్వకాలమంతా బంగారు కాలమనియు, తెల్లదొరలే అన్నిటిని పాడుచేసిరనియు చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. అయితే ఈ దూరమును నేరముగా మార్చి, దానికి పోలీసును కాపలా పెట్టినది పందొమ్మిదవ శతాబ్దమే.

3. 1871 చట్టము

నైజాము చట్టమునకు తల్లి వేరు బ్రిటిషు ఇండియాలో ఉన్నది. చరిత్రకారిణి జెస్సికా హించీ 2019లో ప్రచురించిన గ్రంథములో ఈ కథను వివరముగా వ్రాసింది. 1852లో ఉత్తర భారతములోని మైన్‌పురి ప్రాంతములో భూరా అను ఒక హిజ్రా హత్య చేయబడినది. చనిపోయినది హిజ్రా. విచారణ చేసిన తెల్ల అధికారుల అనుమానము మాత్రము హిజ్రాలందరి మీదికి తిరిగినది. వీరు పిల్లలను ఎత్తుకొనిపోతారు, వీరు ఊరూర తిరుగుతారు, వీరు ఆడవేషములో మగవారు గనుక పాలనకు లొంగరు అను భయము ఇరువది ఏండ్లలో పెరిగి 1871లో చట్టమైనది.

అదే నేర తెగల చట్టము. దాని మొదటి భాగము కొన్ని కులములను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచినది. దాని రెండవ భాగము నపుంసకులను గూర్చినది. ఆ భాగము ప్రకారము అనుమానితుల పేర్లు, నివాసములు రిజిస్టరులో వ్రాయవలెను. అట్లు వ్రాయబడినవారు ఆడువారి బట్టలతో, నగలతో వీధిలో కనబడరాదు, వీధిలో ఆడిపాడరాదు. పదునారేండ్ల లోపు బాలుని తమ యింట ఉంచుకొనరాదు. పిల్లలకు సంరక్షకులుగా ఉండరాదు, దత్తత తీసికొనరాదు, దానపత్రము గాని వీలునామా గాని వ్రాయరాదు. అనగా వారికి తరువాతి తరము ఉండకూడదు, వారి ఆస్తికి వారసులు ఉండకూడదు. ఒక సమాజము తనంతట తానే అంతరించిపోవునట్లు చేయుటయే ఆ చట్టము గురి అని హించీ వాదము. ఇండియన్ పీనల్ కోడులోని 377వ సెక్షను అప్పటికే అమలులో ఉన్నది గనుక, రెండు చట్టములు ఒకదానికొకటి తోడైనవి.

మనము ఇక్కడ ఒక సంగతిని దాచరాదు. ఈ చట్టమునకు వెనుకనున్న నీతి భావములను ఆనాటి విక్టోరియా కాలపు ఇంగ్లండు క్రైస్తవ నీతిగా తలంచినది. అధికారులు గుడికి వెళ్లువారే. కాబట్టి ఆ చట్టము మనకు సంబంధము లేనిదని చేతులు కడుగుకొనుట కుదరదు.

4. 1329 ఫసలీ చట్టము

హైదరాబాదు సంస్థానము బ్రిటిషు ఇండియాలో భాగము కాదు. అక్కడి చట్టములు ఇక్కడ వర్తించవు. అయినను ఏడవ నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, 1871 చట్టపు రెండవ భాగమును పోలిన చట్టము ఇక్కడ కూడ చేయబడినది. నైజాము రాజ్యములో ఫసలీ లెక్క నడిచేది. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకపు సంవత్సరము వస్తుంది. 1329 ఫసలీ అనగా 1919.

ఆ చట్టము ముఖ్యాంశములు ఇవి. నపుంసకుడు అనగా, తనకు పుంసత్వము లేదని ఒప్పుకొనిన, లేదా వైద్య పరీక్షలో అట్లు తేలిన మగవాడు. హైదరాబాదు నగరములోను, ప్రభుత్వము పేర్కొను ఇతర స్థలములలోను నివసించుచు, బాలురను ఎత్తుకొనిపోవుట, వారికి అంగచ్ఛేదము చేయుట, ప్రకృతి విరుద్ధమని చట్టము ఎంచిన నేరము చేయుట అను అనుమానము ఉన్నవారి పేర్లు రిజిస్టరులో వ్రాయవలెను. రిజిస్టరులో ఉన్నవాడు ఆడవేషములో గాని నగలతో గాని వీధిలో కనబడినను, వీధిలోనివారికి కనబడవలెనని వేరొక చోట నిలిచినను, బహిరంగముగా ఆడిపాడినను, వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు చెర, లేదా జుల్మానా, లేదా రెండును. పదునారేండ్ల లోపు బాలుడు అతని యింట ఉన్నను ఇట్టి శిక్షయే. అంగచ్ఛేదము చేసినవారికి, చేయించినవారికి ఏడేండ్ల వరకు చెర.

ఈ చట్టమును సమర్థించువారు పిల్లల రక్షణను చూపుతారు. ఆ మాటను తేలికగా తీసివేయరాదు. పిల్లలను ఎత్తుకొనిపోవుట, బలవంతముగా అంగచ్ఛేదము చేయుట ఏ కాలములోనైనను నేరములే. అయితే అవి చేసినవానిని శిక్షించుటకు మామూలు శిక్షాస్మృతి చాలును. ఈ చట్టములోని మిగిలిన సెక్షనులు పనిని చూడలేదు, మనిషిని చూచినవి. అనుమానము ఉంటే చాలు, పేరు రిజిస్టరుకు ఎక్కుతుంది. పేరు ఎక్కిన తరువాత వీధిలో కనబడుటయే నేరమవుతుంది. దొంగ దొంగతనము చేయునప్పుడు కనబడితే నేరము. ఇక్కడ ఏమియు చేయకుండ, చీర కట్టుకొని బజారుకు పోయి ఉప్పు తెచ్చుకొనినను నేరమే. చట్టము హైదరాబాదు నగరమును పేరు పెట్టి చెప్పినను, ఇతర స్థలములు అను మాట వలన మన వరంగల్లు వైపు ఊళ్లు కూడ ఎప్పుడైనను దాని క్రిందికి రాగలవు.

5. చట్టము బ్రతికిన విధము

1948 సెప్టెంబరులో నైజాము రాజ్యము భారతదేశములో కలిసినది. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి, అందరికి సమానత్వము, జీవించు స్వేచ్ఛ ఇచ్చినది. 1952లో నేర తెగల చట్టములు దేశమంతట రద్దయినవి. మన చట్టము మాత్రము రద్దు కాలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత దానికి ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతము) నపుంసకుల చట్టము అని పేరు మార్చి ఉంచుకొన్నారు. 2014లో తెలంగాణ వచ్చిన తరువాత మరల పేరు మార్చి ఉంచుకొన్నారు. పేరు మార్చిన ప్రతిసారి దానిని తీసివేయుటకు ఒక అవకాశము వచ్చి పోయినది.

ఈలోగా సమాజము కదులుచున్నది. గాయత్రీ రెడ్డి హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య పరిశోధన చేసి 2005లో ప్రచురించిన గ్రంథములో ఒక సంగతి స్పష్టముగా తెలియుచున్నది. హిజ్రాలు అన్నిటికంటె ఎక్కువగా వెదకునది ఇజ్జత్, అనగా మర్యాద. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి వ్రాసిన ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' అను పేరుతో తెలుగులోనికి తెచ్చారు. ఆ అనువాదమునకు 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. సెమినరీ గ్రంథాలయములలో ఉండదగిన పుస్తకమిది.

రాజ్యము కూడ తన రిజిస్టర్లను మార్చుకొనుట మొదలుపెట్టినది. 2009లో ఎన్నికల సంఘము ఓటర్ల జాబితాలో స్త్రీ, పురుష గడులతో పాటు ఇతరులు అను గడిని చేర్చినది. 2011 జనగణనలో ఇతరులుగా లెక్కించబడినవారు దేశమంతట 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఇందులో పసిపిల్లలు కూడ లెక్కించబడినారు. తమ సంగతి చెప్పుకొనుటకు భయపడినవారు లెక్కకు రాలేదు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీం కోర్టు మూడవ లింగమును గుర్తించి, తాను ఎవరో చెప్పుకొను హక్కు ఆ వ్యక్తిదేనని తీర్పు చెప్పినది. 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షనును, ఇష్టపూర్వకముగా కలిసియుండు పెద్దల విషయములో, కొట్టివేసినది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టము చేసినది. ఇవన్నియు జరుగుచుండగా మన చట్టము పుస్తకములో ఉండనే ఉన్నది.

2018లో వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి ఈ చట్టమును ప్రశ్నించుచు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేశారు. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి గార్ల ధర్మాసనము 2023లో తీర్పు చెప్పినది. ఒక సమాజమంతటిని నేరస్థులుగా ఎంచుట రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని, అది మనిషి గౌరవము మీద దాడి అని తేల్చినది. విద్యలో, ప్రభుత్వ ఉద్యోగములలో రిజర్వేషనుకు చర్యలు తీసికొనవలెననియు, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడ ఇవ్వవలెననియు ప్రభుత్వమును ఆదేశించినది.

2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసు శాఖ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా తీసికొన్నది. వీధిలో కనబడితే పట్టుకొనుమని పోలీసుకు చెప్పిన చట్టము ఒకప్పుడు అదే నగరములో ఉండెను. ఇప్పుడు వారు అదే వీధి నడుమ నిలిచి, చేయి చాపి బండ్లను ఆపుచున్నారు.

6. అదే కాలములో మన సంఘము

ఇప్పుడు రెండవ రిజిస్టరును తెరచి చూద్దము. 1879లో అమెరికను బాప్టిస్టు మిషను హనుమకొండలో పని మొదలుపెట్టినది. 1912లో వి.యస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. దోర్నకల్ నేడు దంతాలపల్లి ఉన్న మహబూబాబాదు జిల్లాలోనిదే. నపుంసకుల చట్టము వచ్చిన 1919 నాటికి ఆయన బిషప్పుగా ఏడేండ్లు గడిపారు. 1945 జనవరి 1న మరణించువరకు ఆ పరిచర్యలోనే ఉన్నారు.

ఆ సంవత్సరములలో ఈ ప్రాంతములో సంఘము ఎవరితో నిండినది? మాల, మాదిగ పల్లెలతో. ఊరి బావి వద్దకు రానియ్యబడనివారితో, గుడి గడప తొక్కనియ్యబడనివారితో, దొరల గడీ ముందు చెప్పులు విప్పి నడువవలసినవారితో. ఊరిలో వారిని పిలిచే పేరు కూడ సగము పేరే. బాప్తిస్మపు రిజిస్టరులో వారికి నిండు పేరు వచ్చినది. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరి పేరు, తేదీ వ్రాయబడినవి. ఒక వెట్టివాని బిడ్డ పేరు ఒక పుస్తకములో గౌరవముగా వ్రాయబడుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. మన తాత ముత్తాతలు ఆ పేజీ నుండి వచ్చినవారే.

అందుచేతనే ప్రశ్న మనకు బరువుగా ఉన్నది. ఊరు వెలి వేసినవారికి పేరిచ్చిన సంఘము, ఇంటివారే వెలివేసిన వారికి పేరివ్వలేదా? సంఘ చరిత్ర పాఠములలో విధవా వివాహము ఉన్నది, బాల్య వివాహ నిషేధము ఉన్నది, జోగిని నిర్మూలన ఉన్నది. నపుంసకుల చట్టమునకు అందులో చోటు లేదు. దోర్నకల్ చరిత్రను, నైజాము చరిత్రను మనము వేర్వేరు గదులలో చదువుకొనుచున్నాము. రెండును ఒకే నేల మీద, ఒకే సంవత్సరములలో జరిగినవి.

7. లేఖనము నడిపించు త్రోవ

ఈ విషయములో లేఖనము ఒక్క వచనముతో ఆగదు, ఒక త్రోవగా నడుస్తుంది. ద్వితీయోపదేశకాండము 23:1 అంగహీనుడైన వానిని యెహోవా సమాజములోనికి రానియ్యదు. ఈ వచనమును మాత్రమే ఎరిగినవారు అక్కడే ఆగిపోతారు.

యెషయా 39:7లో హిజ్కియా వంశపు కుమారులు బబులోను రాజు నగరులో నపుంసకులగుదురని ప్రవచనము ఉన్నది. చెర అనగా ఏమో ఈ మాట తెలుపుచున్నది. శత్రువు దేశమును దోచుకొనుటతో ఆగక, శరీరములను కూడ పాడుచేసెను. ఆ చెర నుండి తిరిగి వచ్చినవారు ద్వితీయోపదేశకాండపు వాక్యము ఎదుట నిలిచినప్పుడు ఏమనుకొని యుందురు? తమ తప్పు లేకుండగనే తాము ఎండిన చెట్టైతిమని. యెషయా 56:3-5 అట్టివారికి ఇచ్చిన జవాబు. విశ్రాంతిదినమును ఆచరించి, నిబంధనను పట్టుకొను నపుంసకునికి దేవుడు తన మందిరములో, తన ప్రాకారముల లోపల, సంతానము వలన నిలిచే పేరుకంటె గొప్ప పేరు ఇస్తానని వాగ్దానము చేసెను. 1871 చట్టము వారసుడు ఉండకూడదని వ్రాసినది. యెషయా గ్రంథములో దేవుడు వారసుడు లేకపోయినను పేరు చెడదని వ్రాయించెను.

యిర్మీయాను బురద గోతిలో నుండి పైకి లాగినవాడు ఎబెద్మెలెకు అను కూషీయుడైన నపుంసకుడు (యిర్మీయా 38). రాజు ఎదుట నోరు విప్పుటకు అధిపతులెవరును ముందుకు రాని దినమున అతడు మాటలాడెను. త్రాళ్లు ప్రవక్త చంకలను కోయకుండునట్లు పాత గుడ్డలు వెదకి తెచ్చెను. ఆ జాలికి దేవుడు అతని ప్రాణమును బహుమానముగా ఇచ్చెను (39:15-18).

మత్తయి 19:12లో ప్రభువు మూడు విధముల వారిని చెప్పెను: పుట్టుకతో అట్టివారు, మనుష్యుల చేత అట్లు చేయబడినవారు, పరలోక రాజ్యము నిమిత్తము తమకు తామే ఆ త్రోవను ఎంచుకొనినవారు. వివాహమును గూర్చిన బోధ మధ్యలోనే ఆయన ఈ మాట పలికెను. స్త్రీ పురుషుల వివాహమును సృష్టి క్రమముగా చూపిన నోటితోనే, ఆ క్రమములో ఇమడని శరీరములు ఉన్నవని ఒప్పుకొనెను. వారి మీద నింద వేయలేదు. మూడవ మాటను అక్షరార్థముగా తీసికొని ఒరిగెను తన్ను తాను గాయపరచుకొనెనని యూసేబియస్ వ్రాసెను. క్రీ.శ. 325లో నీకయ మహాసభ చేసిన మొట్టమొదటి కట్టడ ఈ విషయమును గూర్చినదే. వైద్యుని చేత గాని శత్రువుల చేత గాని అట్లు చేయబడినవారు గురువులుగా కొనసాగవచ్చును. ఆరోగ్యముగా ఉండి తమకు తామే చేసికొనినవారు కొనసాగరాదు. అనగా నీకయ సభ పనిని విచారించినది. శరీర స్థితిని మాత్రము చూచి త్రోసివేయలేదు. నైజాము చట్టమునకు దీనికి గల భేదము ఇక్కడ ఉన్నది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడు రథములో చదువుచున్నది యెషయా 53వ అధ్యాయము. అదే గ్రంథపు చుట్టను కొంచెము విప్పితే 56వ అధ్యాయము వస్తుంది. అతడు యెరూషలేముకు ఆరాధింప వెళ్లి తిరిగి వచ్చుచున్నవాడు. నీళ్లు కనబడినప్పుడు తనకు అడ్డమేమున్నదని అతడు అడిగెను. ద్వితీయోపదేశకాండము చదివినవాడు గనుక ఆ ప్రశ్న అతని నోట ఊరక వచ్చినది కాదు. ఫిలిప్పు వద్ద అతనికి చూపుటకు ఒక వచనము ఉన్నది. అతడు దానిని చూపలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

8. కాపరుల ముందున్న పని

వివాహమును గూర్చి, స్వలింగ సంబంధములను గూర్చి మన సంఘములలో ఏకాభిప్రాయము లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీం కోర్టు కూడ స్వలింగ వివాహమును గుర్తించుటకు నిరాకరించి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీ పురుష సంబంధములో ప్రస్తుత చట్టముల క్రింద వివాహము చేసికొనవచ్చునని మాత్రము చెప్పినది. ఆ చర్చ జరుగవలసినదే. అయితే ఆ చర్చ ముగియువరకు గుడి తలుపు మూసి ఉంచవలెనని చెప్పుట న్యాయము కాదు. ఏ సిద్ధాంతము పట్టుకొనిన కాపరియైనను నేడే చేయగల పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది, ప్రసంగ పీఠము మీద మాట. సదొమను గూర్చి ప్రసంగించునప్పుడు నవ్వించుటకు హిజ్రాల నడకను, చప్పట్లను అనుకరించు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. విశ్వాసులు నవ్వుతారు. ఆ నవ్వే బెంచీలలో పదునాలుగేండ్ల బిడ్డ ఒకడు తన సంగతి ఎవరికిని చెప్పుకొనలేక కూర్చొని యుండవచ్చును. ఆ బిడ్డ ఆ దినమున సంఘమును గూర్చి ఒక నిర్ణయమునకు వస్తాడు.

రెండవది, తల్లిదండ్రులు. బిడ్డ ఇల్లు విడిచి పోవుటకు ముందు చాలామంది తల్లులు పాస్టరు అమ్మగారి దగ్గరకే వస్తారు. దయ్యము పట్టినదని ఉపవాస కూటమునకు పంపుట, కొట్టి దారికి తెమ్మనుట, త్వరగా పెండ్లి చేయుమనుట అను మూడు సలహాలు ఇచ్చుట సులభము. మూడవది మరింత అపాయము, ఎందుకనగా అక్కడ ఏమియు ఎరుగని ఇంకొక ఆడపిల్ల బ్రతుకు కూడ చేరుతుంది. బిడ్డను ఇంట ఉంచుకొనుమని, చదువు మాన్పించవద్దని చెప్పుటకు సిద్ధాంతము అడ్డురాదు. రోడ్ల మీద, రైళ్లలో చేయి చాపువారిలో అనేకులు ఇల్లు త్రోసివేసినందున అక్కడికి చేరినవారే.

మూడవది, పుట్టుకతోనే భేదము గల పసిబిడ్డలు. ప్రభువు చెప్పిన మొదటి విధము వారు వీరే. కాన్పు అయిన ఇంట కాపరిని ప్రార్థనకు పిలుస్తారు. అది ఎవరి పాప ఫలితము కాదని ఆ ఇంట చెప్పవలసినవాడు కాపరియే. తొందరపడి శస్త్రచికిత్స చేయించవద్దని కూడ చెప్పవచ్చును. 2019లో మద్రాసు హైకోర్టు అట్టి పసిబిడ్డలకు ప్రాణాపాయము లేని స్థితిలో ఇట్టి ఆపరేషనులు చేయరాదని నిర్దేశించినది.

నాలుగవది, రిజిస్టరు. బాప్తిస్మము కోరి వచ్చిన వ్యక్తిని స్త్రీ గడిలో వ్రాయవలెనా, పురుష గడిలో వ్రాయవలెనా అని తెలియక వాయిదా వేయుట ఒక పద్ధతి కాదు. ఓటర్ల జాబితాకు 2009లో దొరికిన పరిష్కారము సంఘ కమిటీకి దొరకకపోదు. ఎక్కడ కూర్చోవలెను, ప్రభురాత్రి భోజనమునకు ఏ వరుసలో రావలెను, మరణించినప్పుడు సమాధుల తోటలో చోటు ఉన్నదా అను ప్రశ్నలు కూడ దీనితో పాటు వస్తాయి. ఇవి కమిటీలో ముందుగా మాటలాడుకొనవలసినవి. శవము వాకిట ఉన్నప్పుడు మాటలాడుకొనునవి కావు.

ముగింపు

నైజాము రిజిస్టరులో పేరు వ్రాయబడుట అనగా వీధిలో కనబడరాదని అర్థము. బాప్తిస్మపు రిజిస్టరులో పేరు వ్రాయబడుట అనగా దేవుని ఇంట కనబడవలెనని అర్థము. ఒకే సిరా, ఒకే కాగితము. ఎవరి పేరు ఎందుకు వ్రాస్తున్నామో దానినిబట్టి అవి రెండు వేర్వేరు రాజ్యములకు చెందుతాయి.

హైకోర్టు తన పని చేసినది. న్యాయస్థానము చట్టమును కొట్టివేయగలదు గాని, గుడిలో ప్రక్కకు జరిగి చోటు ఇచ్చునట్లు చేయలేదు. ఆ పని సంఘముది. మల్లన్న జాతరలో పసుపు పూసికొని ఆడిన వ్యక్తి ఒక ఆదివారము మన గుడి వాకిట నిలిచి, తనకు అడ్డమేమున్నదని అడుగవచ్చును. దంతాలపల్లిలో గాని, తొర్రూరులో గాని, దోర్నకల్‌లో గాని ఆ ప్రశ్న విన్న కాపరి, ఫిలిప్పు వలె ఆ వ్యక్తితో నీళ్ల యొద్దకు నడిచి, ఆ సాయంకాలము రిజిస్టరు తెరచి నిండు పేరు వ్రాయవలెనని మా కోరిక.